మనుష్య వ్యాపారమును గూర్చిన అపోహలు

(మన సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



బొంబాయి నగరమున కామాఠీపుర మను పేట యొకటి కలదు. ఆ పేరు వినగానే పెద్దమనుష్యులు మాట మార్చుదురు. కాని ఆ పేరు మనవారిది. 19వ శతాబ్దమున తెలుగుసీమనుండి, ముఖ్యముగా నిజాము రాజ్యమునుండి, పోయి ఆ మహానగరమున రాళ్లు మోసి, సున్నము కలిపి, మేడలు కట్టిన కూలీలను అక్కడివారు కామాఠీలనిరి. వారు కాపురమున్న చోటు గనుక అది కామాఠీపుర మైనది. పిమ్మట, ఆంగ్లేయుల పాలనలోనే, పడుపు గృహములు అక్కడ వెలసినవి. అనేక ప్రాంతములనుండి ఆడువారిని అక్కడికి తెచ్చి అమ్మిరి. ఒకే పేటలో ఒకవైపున కూలికి వచ్చి తమ బ్రతుకు తాము కట్టుకొన్నవారు. మరియొకవైపున బ్రతుకే యితరుల చేతిలో పడినవారు. ఇరువురును పుట్టిన ఊరు విడిచి వచ్చినవారే. మరి వారికి భేద మెక్కడ నున్నది? ఈ భేదమును మనము సరిగా గుర్తింపకపోవుటచేతనే మనుష్య వ్యాపారమును గూర్చి పెక్కు అపోహలు మనలో పాతుకొనియున్నవి.

ఈ విషయమును ఈ సభలో చెప్పుటకు కారణము కలదు. మనమందరము వలసవచ్చినవారి సంతతివారము. మధురలోను, కోయంబత్తూరులోను, హోసూరులోను, బళ్లారిలోను, కోలారులోను, బరంపురములోను, రాయగడలోను, షోలాపూరులోను, భివండిలోను ఉన్న తెలుగువారిలో కొందరి పూర్వులు నాయకరాజుల వెంట వచ్చిరి, కొందరు మగ్గముతో వచ్చిరి, కొందరు వర్తకముతో వచ్చిరి. ఊరు విడుచుట మనకు తప్పుగా తోచదు; తప్పు కాదు కూడ. అందుచేతనే, ఫలానా పిల్ల పూనాకు పనికి పోయినదన్నను, ఫలానా కుటుంబము బయానా పుచ్చుకొని పైరాష్ట్రము పోయినదన్నను, మన పూర్వులును పోలేదా యని ఊరకుందుము. మన పూర్వులు పోయినప్పుడు తిరిగి రాగలిగిన దారి యొకటి తెరచియుండెను. ఆ దారి మూసివేయబడిన చోటనే వలస పోయి వ్యాపారము మొదలగును. ఈ ఒక్క మాటను మనసున నుంచుకొని అపోహలను వరుసగా పరిశీలింతము.

మొదటి అపోహ మన వాడుకమాటలోనే దాగియున్నది. పత్రికలలో ఈ నేరమును 'మానవ అక్రమ రవాణా' యందురు. రవాణా యనగానే బండియు, లారీయు, రాత్రివేళ దాటు సరిహద్దును మనసున మెదలును. చట్టము బండిని చూడదు. 2000వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ఒడంబడిక ఈ నేరమునకు మూడంగములను చెప్పినది. మనిషిని చేర్చుకొనుట, పంపుట, దాచియుంచుట, పుచ్చుకొనుట మొదటి యంగము. బెదిరింపు, బలప్రయోగము, మోసము, నిస్సహాయతను ఆసరా చేసికొనుట మొదలగు ఉపాయములు రెండవ యంగము. ఆ మనిషి శ్రమనుగాని శరీరమునుగాని దోచుకొను ఉద్దేశము మూడవ యంగము. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ విషయమున ఉపాయము ఏదని విచారింప నక్కరయే లేదు. దోచుకొనుటకై చేర్చుకొన్న చాలును. మన దేశము 2011లో ఈ ఒడంబడికను ధ్రువపరచినది. 2013లో శిక్షాస్మృతిలోని 370వ విభాగము తదనుగుణముగా మార్చబడినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 143వ విభాగమై యున్నది.

కనుక రైలెక్కనివారు, ఊరు దాటనివారు, పొరుగింటి గదిలోనే బంధింపబడినవారు కూడ ఈ నేరమునకు గురియైనవారు కావచ్చును. మరియొక మాట. తన ఇచ్ఛతో దొంగదారిన సరిహద్దు దాటినవాడు వలసచట్టమును మీరినవాడగునే గాని, అంతమాత్రముచేత అమ్ముడుపోయినవాడు గాడు. ఆ దారిలోనో, చేరినచోటనో వాని కాలికి సంకెల పడినప్పుడు కథ మారును.

రెండవ అపోహ: ఇది ముఖమెరుగని దుండగులు చేయు పని యనుట. సంతలో బిడ్డకు మత్తుమందిచ్చి యెత్తుకొనిపోవుట, జడ పట్టి బండిలో పడవేయుట, ఇట్టి దృశ్యములను చలనచిత్రములు మనకు అలవాటు చేసినవి. అట్టివి జరుగవని కాదు. కాని సాధారణముగా తలుపు తట్టువాడు తెలిసినవాడే. దూరపు పినతల్లి వరుస యగును, అదే వీధి మేస్త్రీ యగును, నిన్నటిదాక తానును అట్లే అమ్ముడుపోయి నేడు కమీషనుకు పనిచేయు స్త్రీ యగును, ప్రేమించితినని చెప్పి పెండ్లి మాట తెచ్చిన యువకుడగును. రాయలసీమ కరవు పల్లెలనుండి బొంబాయి, పూనా, ఢిల్లీ నగరముల పడుపు గృహములకు చేరిన యువతులలో పెక్కుమంది ఇంటిపని, కుట్టుపని, దుకాణములో కొలువు అను మాటలు నమ్మి, తెలిసినవారి చేయి పట్టుకొని బయలుదేరినవారు. కొత్తవాడిని చూచిన తల్లి జాగ్రత్తపడును. 'వదినా' యని పిలుచుచు వచ్చినవారిని చూచి జాగ్రత్తపడదు. ఆ నమ్మకమే వారికి పెట్టుబడి.

మూడవ అపోహ: ఇది ఆడువారికి, అందులోను పడుపు గృహములకు మాత్రమే సంబంధించిన వ్యవహార మనుట. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదలైనవి 2021వ సంవత్సరమునకు కట్టిన అంచనాలు 2022లో ప్రకటింపబడినవి. ప్రపంచమున 2 కోట్ల 76 లక్షలమంది బలవంతపు శ్రమలో చిక్కియున్నారని వానిలో చెప్పబడినది. అందు 63 లక్షలమంది లైంగిక వ్యాపారమున బంధింపబడినవారు. అనగా నలుగురిలో ఒక్కరికంటెను తక్కువ. మిగిలినవారు ఇటుక బట్టీలలో, రాతిక్వారీలలో, పొలములలో, చేపల పడవలలో, ఇండ్లలో, కర్మాగారములలో నున్నారు. వారిలో మగవారును పెక్కుమంది కలరు. శీలమును గూర్చిన విషయముగా మాత్రమే దీనిని చూచినచో, బట్టీలో వెన్ను వంగిన మగవాడు మన కంటికి కనబడడు. కనబడినను వాడు ఒట్టి కూలివాడుగానే తోచును.

చదువురానివారే మోసపోవుదురనుట దీనికి అనుబంధమైన భ్రమ. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఒక వ్యవహారమును బయటపెట్టిరి. డేటా ఎంట్రీ కొలువులని చెప్పి ఏజెంట్లు డబ్బు పుచ్చుకొని యువకులను సముద్రము దాటించిరి. ఆ యువకులు కాంబోడియాలో తేలిరి. అక్కడ వారిని కాపలా గల భవనములలో నుంచి, ఫోనులద్వారా మన దేశస్థులనే మోసగించు పనికి బలవంతముగా నియోగించిరి. వారు కంప్యూటరు నేర్చినవారు, ఇంగ్లీషు వచ్చినవారు. ఆ చదువు నిమిత్తమే వారిని కొనిరి.

నాలుగవ అపోహ మిక్కిలి బలమైనది: 'వారు ఇష్టపడియే పోయిరి గదా, బయానా పుచ్చుకొనిరి గదా, కాగితముపై వేలిముద్ర వేసిరి గదా' యనుట. మన చరిత్రను ఒకసారి తిరుగవేయుడు. యానాము, కోరంగి రేవులనుండి 19వ శతాబ్దమున తెలుగు కూలీలు రీయూనియన్, మారిషస్ దీవులకును, బర్మాకును ఓడలెక్కిరి. దీవులకు పోయినవారు ఒప్పందపు కాగితములపై ముద్ర వేసియే పోయిరి. చెరకుతోటలో దిగిన పిమ్మటగాని ఆ కాగితమున ఏమి వ్రాయబడియున్నదో వారికి తెలియరాలేదు. పనికి రానివానికి జైలు, తోట విడిచి పోయినవానికి జైలు. దేశమంతట ఆందోళన చెలరేగగా 1917లో ప్రభుత్వము ఆ ఒప్పందపు కూలీల సేకరణమును నిలిపివేసినది. వేలిముద్ర యున్నది గనుక న్యాయమున్నదని నాటి పెద్దలే యొప్పుకొనలేదు. నేడు మన మొప్పుకొనుట తగునా?

ప్రస్తుత చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. మోసముచేతనో, బెదిరింపుచేతనో, డబ్బు ఆశ చూపియో మనిషిని దోపిడికై చేర్చుకొన్నప్పుడు, బాధితుని సమ్మతి లెక్కకు రాదని 143వ విభాగమే చెప్పుచున్నది. సమ్మతి యనునది ఒక్కసారి ఇచ్చి తిరిగి తీసికొనరాని దస్తావేజు గాదు. నిన్న 'వచ్చెద' నన్నవాడు నేడు 'పోయెద' ననుటకు వీలుండవలెను. ఆ రెండవ మాటకు కొట్లు, తిట్లు, అప్పు లెక్కలు ఎదురువచ్చినచో, మొదటి మాటకు విలువ లేదు.

అయిదవ అపోహ: కూలి ఇచ్చుచున్నారు గనుక బానిసత్వము గాదనుట. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలకై భవనములు కట్టిన కూలీలకు కనీస వేతనము దక్కలేదని సుప్రీముకోర్టుకు ఫిర్యాదు వచ్చినది. న్యాయమూర్తి భగవతిగారు ఆ కేసులో చారిత్రకమైన తీర్పు చెప్పిరి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమునందలి 23వ అనుచ్ఛేదము మనుష్య వ్యాపారమును, వెట్టిని, తత్సమానమైన బలవంతపు శ్రమను నిషేధించుచున్నది. ఆ బలవంతము కర్రతో కొట్టుట మాత్రమే కానక్కరలేదనియు, ఆకలియు పేదరికమును మరియొక దారి లేకుండ చేయుటయు బలవంతమే యనియు, కనీస వేతనముకంటె తక్కువకు చేయించు పని బలవంతపు శ్రమయే యనియు ఆ తీర్పు సారాంశము.

తమిళనాటి మన సోదరులకు 'సుమంగళి' పథకము పేరు తెలిసియే యుండును. కోయంబత్తూరు, తిరుపూరు, దిండుగల్లు ప్రాంతములలోని కొన్ని నూలుమిల్లులు పేద కన్యలను మూడేండ్లకు చేర్చుకొని, గడువు ముగిసిన పిమ్మట పెండ్లి ఖర్చులకై మొత్తముగా సొమ్మిత్తుమని చెప్పెడివి. పేరు మంగళప్రదము. లోపల జరిగినది వేరు. చాలచోట్ల పిల్లలు మిల్లు వసతిగృహము దాటి పోరాదు, ఇంటికి ఫోను చేయుటకును పర్యవేక్షణ, పగలు రాత్రి షిఫ్టులు. గడువుకు నెల ముందు జబ్బుపడి ఇల్లు చేరినచో ఆ మొత్తము దక్కుట కష్టము. కూలి ఇచ్చుట వేరు, కూలిని తాళముగా వాడుట వేరు.

ఆరవ అపోహ: 'అంత కష్టమైనచో పారిపోరేల?' యనుట. ఈ ప్రశ్న అడుగువారు గోడను వెదకుదురు. గోడ అప్పులో నుండును. ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి ఏటేట వేలకొలది కుటుంబములు తెలంగాణములోని ఇటుక బట్టీలకు వచ్చుచున్నవి. భాద్రపదమున నువాఖాయి పండుగ వచ్చును. ఇంట గింజ యుండదు. ఆ సమయము చూచి సర్దారు బయానా సొమ్ము చేతిలో పెట్టును. ఇద్దరు పెద్దలును ఒకరిద్దరు పిల్లలును కలిసి ఒక జట్టు. దానిని వారు పథురియా యందురు. వేయి ఇటుకలకింత యని కూలి. లెక్క వ్రాయువాడు యజమాని. వారమువారము తిండికిచ్చిన సొమ్మును ఆ లెక్కలోనే చేరును. బిడ్డ చేతులు చిన్నవి, శరీరము తేలిక; కావున పచ్చి ఇటుకలను తిప్పుటకు ఆ బిడ్డయే తగును. ఎండలు ముదిరి వానలు వచ్చువరకు ఆ కుటుంబము కదలరాదు. ఒకరు ఊరికి పోవలెనన్న మరియొకరు అక్కడ జామీనుగా నుండవలెను. భాష రాదు, దారి తెలియదు, ఆధారపత్రములు యజమాని పెట్టెలో నుండును.

బయానా పుచ్చుకొని ఎదురు తిరిగినవారికి ఏమగునో 2013 డిసెంబరులో దేశము చూచినది. కాలాహండి ప్రాంతపు కూలీలను దళారులు చెప్పినచోటికి గాక వేరొకచోటికి తీసికొనిపోజూచిరి. కూలీలలో చాలమంది తప్పించుకొనిరి. చిక్కిన ఇరువురి కుడిచేతులను ఆ దళారులు నరికివేసిరి. ఈ ఘటనను సుప్రీముకోర్టు తానై విచారణకు గైకొన్నది. ఇది తెలిసిన పిమ్మట 'పారిపోరేల' యను ప్రశ్న మన నోట రాదు.

ఇచ్చట మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఆ బట్టీలలో కూలివాడు ఒడియావాడు. యజమాని పెక్కుచోట్ల తెలుగువాడు. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మేస్త్రీల చేతిలో అమ్ముడుపోయినప్పుడు మనము కన్నీరు కార్చితిమి. తెలంగాణమున దొరల వెట్టిపై జనము తిరుగబడిన కథను గర్వముతో చెప్పుకొందుము. 'వెట్టి' యను మాట మనకు నిఘంటువు చూచి తెలిసికొనవలసినది గాదు. అట్టి మనము పొరుగువాని బిడ్డ మన నేలపై వెట్టి చేయుచున్నప్పుడు కన్ను మూసికొనినచో, మనము నేర్చిన దేమి?

ఏడవ అపోహ: ఆచారము, వివాహము అను పేర్లు ఉన్నచోట నేరముండదనుట. దేవదాసి, బసవి, జోగిని, మాతమ్మ అను పేర్లతో పేద కుటుంబముల ఆడపిల్లలను దేవత పేర విడుచు దురాచారము మనము నివసించు ప్రాంతములన్నిటను ఉండెను. దాని శేషములు నేటికిని సమసిపోలేదు. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో ఆరంభించిన కృషి 1947 నాటి చట్టముగా ఫలించినది. కర్ణాటకము 1982లోను, ఆంధ్రప్రదేశము 1988లోను, మహారాష్ట్రము 2005లోను తమ తమ చట్టములను చేసినవి. దేవతకు ముడుపు కట్టిన బిడ్డ చివరకు గ్రామములోని బలవంతుని చేతికో, నగరపు పడుపు గృహమునకో చేరుచుండెను. ఇందు భక్తి యెక్కడ?

వివాహ విషయము మనకు క్రొత్తది గాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడినది. పసుపుకుంకుమల మాటున బేరము జరుగుననుట నాటినుండియు తెలుగువానికి తెలిసినదే. నేడు ఆడపిల్లల సంఖ్య తగ్గిన హర్యానా మొదలగు ప్రాంతములకు అస్సాము, బెంగాలు, ఒడిశాలనుండి పెండ్లి పేర కొనితేబడిన స్త్రీలను 'మోల్కీ' యందురు. కొనబడినది యని దాని అర్థము. తాళి కట్టినను ఆమెను ఆ యింట పిలుచు పేరు అది.

ఎనిమిదవ అపోహ: విడిపించిన వెంటనే కథ ముగిసినదనుట. పోలీసులు తలుపు పగులగొట్టినారు, పత్రికలలో వార్త వచ్చినది, చాలునని మన మనుకొందుము. తరువాత ఆమె ఊరికి పోవును. ఊరిలో నీటి పంపు దగ్గర మాటలు ఆగిపోవును. తమ్మునికి సంబంధము కుదరదని తల్లియే ఆమెను లోపల ఉండుమనును. బట్టీనుండి వచ్చినవానికి పాత అప్పు ఎదురుచూచుచుండును. మూడు నెలలు గడచినంతనే అదే దళారి అదే గుమ్మములో నిలుచును. ఈ రెండవసారి పోవుట మొదటిదానికంటె సులభము; ఏలనన పోకుండుటకు వేరే దారి మిగులదు.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము అట్టి అప్పు తీర్పనక్కరలేదు, అది చట్టదృష్టిలో రద్దయినది. జిల్లా కలెక్టరుగాని, ఆయన అధికారమిచ్చిన వారుగాని విడుదల పత్రము నీయవలెను. 2016లో కేంద్రప్రభుత్వము సవరించిన పథకముచొప్పున పురుషునికి 1 లక్ష, స్త్రీలకును బాలలకును 2 లక్షలు, లైంగిక దోపిడి, అక్రమ రవాణా వంటి ఘోరబాధలకు గురియైనవారికి 3 లక్షల రూపాయలు పునరావాసమునకై నిర్ణయింపబడినవి. విడుదల పత్రము లేనిదే ఈ సాయము చేతికి రాదు. అందుచేత తప్పించుకొనివచ్చిన కూలికి మనము చేయగల మొదటి ఉపకారము బస్సు చార్జీ ఇచ్చి పంపివేయుట గాదు. ఆ పత్రము చేతికి వచ్చువరకు తోడుండుట.

ఇక మన కర్తవ్యము. మనము శాసనములు చేయువారము గాము, ఠాణాలు నడపువారము గాము. అయినను మనయొద్ద ఇతరులకు లేని సాధనము ఒకటి కలదు. అది మన భాష.

అనంతపురమునుండి పూనా చేరిన పిల్లకు మరాఠీ రాదు. శ్రీకాకుళమునుండి బెంగుళూరు కట్టడములకు వచ్చిన కూలికి కన్నడము రాదు. యజమాని ఈ అజ్ఞానమునే కంచెగా కట్టును. ఆ పిల్ల మందుల దుకాణములో, ఆస్పత్రి వరుసలో, గుడి మెట్లమీద నిలిచి తెలుగున ఒక్క మాట గొణిగినచో, ఆ నగరమున దానిని అర్థము చేసికొనువారెవరు? ఎన్నో తరములుగా అక్కడ స్థిరపడి, ఇంట తెలుగును నిలుపుకొన్న మనమే. తల్లిభాషను కాపాడుకొనుట ఎందులకని మన పిల్లలు అడుగుచుందురు. సాహిత్యము నిమిత్తమే గాక, ఇందుల నిమిత్తము కూడ నని వారికి చెప్పవచ్చును.

అట్టి మాట చెవిని పడినప్పుడు చూడవలసిన గురుతులు కొన్ని కలవు. అడిగిన ప్రశ్నకు తాను బదులు చెప్పక, వెంటనున్నవాని ముఖము చూచుట. తానున్న చోటి చిరునామా తెలియకుండుట. జీతమెంతయో చెప్పలేకుండుట. ఫోనుగాని, ఆధారు పత్రముగాని తనయొద్ద లేకుండుట. మానని దెబ్బలు. బడి వయస్సు బిడ్డ బడివేళ పనిలో నుండుట. వీనిలో ఏదియు ఒక్కటిగా రుజువు గాదు. ఒంటరిగా చిక్కినప్పుడు మెల్లగా అడుగదగిన ప్రశ్న ఒక్కటే: 'అమ్మా, నీవు ఇంటికి పోవలెననుకొన్న పోగలవా?' ఆ ప్రశ్నకు వచ్చు మౌనము చాలును.

అప్పుడు మనమే వీరులమై తలుపు పగులగొట్టరాదు. దానివలన ఆ మనిషిని రాత్రికి రాత్రి మరియొకచోటికి మార్చుదురు. బాలలైనచో 1098, ఇతరులైనచో 112 సంఖ్యకు ఫోను చేయవలెను. జిల్లాలలో పోలీసుశాఖవారి మానవ అక్రమ రవాణా నిరోధక విభాగములు కలవు. నేరము జరిగిన ప్రాంతము వేరైనను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలసినదే యని నేటి చట్టము చెప్పుచున్నది. ఉచిత న్యాయసహాయమునకు 15100 కలదు. పోలీసులకు భాష తెలియనిచోట దుబాసీలుగా నిలుచుటకు మన సభ్యులలో స్త్రీలు కొందరు ముందుకు రావలెనని నా మనవి. బాధితురాలి పేరును, ఊరును, ఛాయాచిత్రమును ఎచ్చటను ప్రకటింపరాదు. అది మర్యాదయు, చట్టమును.

బిడ్డను దూరదేశము పంపువారికి ఒక మాట. విదేశమునకు పంపు ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద రిజిస్టరు కావలసినవాడు. ఆ సంఖ్యను అడుగుడు. దానిని ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాతో సరిచూచుడు. సందర్శకుల వీసాపై కొలువు దొరకునన్న మాట నమ్మరాదు. ఒప్పందపు నకలు ఇంట నుండవలెను. పని నగరములోనే యైనను ఒక్కసారి వెంటపోయి ఆ చోటు కన్నులార చూచి రావలెను. తెలిసినవారే గదా యని మొగమాటపడరాదు. మంచివారు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనరు.

చివరిమాట మన యిండ్లను గూర్చి. పదునాలుగేండ్లు నిండని బాలలచేత ఇంటిపని చేయించుట 2006 అక్టోబరునుండి నిషిద్ధము. 2016 సవరణతో ఆ వయసు బాలలను దాదాపు ఏ పనిలోనైనను పెట్టుకొనుట నేరమైనది. 'ఊరినుండి తెచ్చితిమి, కడుపునిండ అన్నము పెట్టుచున్నాము, మా బిడ్డవలెనే చూచుకొనుచున్నాము' అను మాట మన యిండ్లలో విననిది గాదు. మన బిడ్డ బడికి పోవుచుండగా, ఆ బిడ్డ ఆ సంచిని బస్సువరకు మోసికొనిపోవుచుండినచో, ఆ పోలిక నిలువదు. ఆ బిడ్డ తల్లికి మనమిచ్చిన సొమ్ము ఏ పేరున ఇచ్చితిమో, ఎవరిద్వారా ఇచ్చితిమో, ఆ మధ్యవర్తికి ఎంత ముట్టినదో ఆలోచింపుడు. అప్పుడు ఈ వ్యాపారము కామాఠీపురములోనే గాక మనకు ఎంత దగ్గరగా నడచుచున్నదో బోధపడును.

ఎట్లు వచ్చినదని విచారించుట కోర్టుల పని. పోగలదా యని విచారించుట మన పని. మన వాకిట, మన కర్మాగారమున, మన పొరుగింట నున్న ప్రతి మనిషి విషయమునను ఈ ప్రశ్న వేసికొందుము గాక.